ఎవరూ చెప్పని సంగతి

పోయిన వారం మా ఇంటి బెల్లు మోగిన చోట ఆపేశాను. తలుపు తీసే ముందు, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి.

మా మనవరాలికి సర్టిఫికెట్ల మీద ఏదో పెద్ద పేరుంది గానీ, ఇంట్లో మాత్రం పిచ్చిక. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుంటే ఒక్కో మెతుకే ఏరుకుని తినేది, అందుకని. మందులు కనిపెట్టే ల్యాబ్‌లో మంచి ఉద్యోగం చేస్తూ చేస్తూ, ఒకరోజు తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. కథలు రాస్తానంది. మా వెనక గదిలో తలుపేసుకుని ఏడాదిపైగా రాసి, చివరికి ఒక నవల తేల్చింది. దాన్ని వేస్తానని ఒక ఎడిటర్ ఒప్పుకున్నాడు. బెల్లు మోగిన రోజే సాయంత్రంలోగా ఫోన్ చేస్తానన్నాడు. పిచ్చిక "సరే" అంటే అచ్చుకి వెళ్ళిపోతుంది. ఇక మార్పులంటే తన వల్ల కాదని, ఇప్పుడు ఆగితే మళ్ళీ ఎప్పటికో చెప్పలేనని కూడా అన్నాడు.

అంతా సవ్యంగా జరుగుతోంది అనుకునే వేళకి పిచ్చిక ఒక పని చేసింది. ల్యాబ్‌లో పుట్టి పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని. నవలలో ఒక అధ్యాయం తన పాత పెద్దసారుకి పంపించింది, తప్పులుంటే దిద్దమని! అక్కడ అదే పద్ధతట. ఏ కాగితం బయటికి వెళ్ళాలన్నా ముందు ఆయన చదవాలట.

"కథలో తప్పులేమిటే?" అన్నాను.

"ఫ్రీజర్ సంగతి తప్పుగా రాస్తే పరువు పోతుంది నానమ్మా" అంది.

పెద్దసారు జవాబు రాయలేదు. రోజులు గడిచినా రాయలేదు. పిచ్చిక పైకి నవ్వుతూ, లోపల గోళ్ళు కొరుక్కుంటూ తిరిగింది. అదిగో, అప్పుడు బెల్లు మోగింది.

తలుపు తీసింది మా అబ్బాయి. వాడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఇంకా చెయ్యి కూడా సరిగ్గా తుడుచుకోలేదు. గుమ్మంలో పెద్దసారుని చూడగానే వాడి మొహం ఎలా వెలిగిందంటే, ఇన్నాళ్ళ చీకటి ఒక్కసారి పోయినట్టు వెలిగింది. ఎందుకు వెలగదు? దుకాణంలో అద్దాల బీరువా పైన, తెల్లకోటులో ఉన్న పిచ్చిక ఫోటో ఇప్పటికీ ఉంది. వచ్చినవాళ్ళు "మీ అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగితే "సెలవులో ఉందండీ" అంటాడు. అంత పొడుగు సెలవు ఎవరిస్తారో వాళ్ళూ అడగరు, వీడూ చెప్పడు.

"రండి సార్, రండి! అమ్మా, ఎవరొచ్చారో చూడు! మా అమ్మాయిని వెనక్కి పిలవడానికి స్వయంగా మీరే..."

"అమ్మాయి ఉందా?" అన్నాడాయన.

నేను ఆయన్ని అంతకుముందు రెండుమూడుసార్లు చూశాను. గడప దాటే ముందు బూట్ల లేసులు ఓపిగ్గా విప్పి, రెండు బూట్లూ సమానంగా సర్ది, సాక్సు సవరించుకుని వచ్చే మనిషి. ఆ రోజు బూట్లతోనే నడిచి లోపలికొచ్చాడు. చేతిలో కాగితాల కట్ట ఉంది. ఆ కట్ట పిచ్చికదే. నేనే ప్రింటు షాపు నుంచి తెచ్చాను, అందుకని గుర్తుపట్టాను.

పిచ్చిక వెనక గదిలోంచి వచ్చింది. వేళ్ళ మీద సిరా మరకలు, జుట్టులో పెన్సిలు. "నమస్తే సార్. కూర్చోండి" అంది.

ఆయన కూర్చోలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఏమిటి సార్?"

"అమాయకంగా అడక్కమ్మా. ఇందులో రాశావే, అది నీకు ఎవరు చెప్పారు?"

ఆ అధ్యాయంలో ఏముందో నాకు తెలుసు. పిచ్చిక రాసినవన్నీ ముందు నాకే చదివి వినిపిస్తుంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గానీ వినడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కథ ఏమిటంటే, ఒక ల్యాబ్. అందులో గడ్డకట్టించి దాచిన రక్తం శాంపిల్స్. జబ్బుపడిన వాళ్ళు ఎంతోమంది ఇచ్చినవి. వాటిని పరీక్షించి, ఒక మందు పనిచేస్తుందో లేదో తేలుస్తారు. వరసగా సెలవులొచ్చాయి. కరెంటు పోయింది, ఫ్రీజర్ ఆగింది, మళ్ళీ కరెంటు వచ్చింది, ఫ్రీజర్ మళ్ళీ చల్లబడింది. ఆ సమయంలో ల్యాబ్ అధికారి ఒక్కడే వస్తాడు. ఎర్రలైటు వెలుగుతూ ఉంటుంది, అలారం కుయ్యోమంటూ ఉంటుంది. ఆయన చుట్టూ చూస్తాడు. ఎవరూ లేరు. మీట నొక్కి అలారం ఆపేస్తాడు. తలుపేసి ఇంటికెళ్ళిపోతాడు. ఎవరికీ చెప్పడు. ఆ తర్వాత ఆ పాడైన రక్తంతోనే పరీక్షలన్నీ జరుగుతాయి. నవలంతా ఆ మీట మీదే నిలబడి ఉంది.

"నాకెవరూ చెప్పలేదు సార్. కల్పించాను" అంది పిచ్చిక.

"కల్పించావు!" పెద్దసారు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏడుపే నయమనిపించింది. "చూడనిది రాయకూడదని నా దగ్గర నేర్చుకున్నదానివి నువ్వు. ఒక అంకె తేడా వస్తే మొదట్నుంచీ మళ్ళీ కొలిచేదానివి. నువ్వు కల్పిస్తావా?"

మా అబ్బాయి మధ్యలో దూరాడు. "అదే సార్ నేను కూడా అంటున్నాను! దానికి కల్పించడం ఏం వచ్చు చెప్పండి! చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే కూడా నిజమే చెప్పి తన్నులు తినేది. మీరొక్క మాట అంటే రేపే కోటు ఇస్త్రీ చేయించి..."

"ఒరేయ్, నువ్వు కాస్త ఆగరా" అన్నాను.

"నువ్వూరుకో అమ్మా. ఇదంతా నువ్వు దాని కథలు వింటూ కూర్చోబట్టే."

పెద్దసారుకి మా మాటలేవీ వినపడలేదు. "సీసాలు కడిగే ఆవిడే కదూ? సెలవు రోజుల్లో కూడా వచ్చేది ఆవిడొక్కతే. నిన్ను చూడడానికి ఇంటికి కూడా వస్తుందట. ఆవిడే చూసి నీకు చెప్పింది. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఇవాళ్టి పని ముగించుకుని రేపటి నుంచి రావద్దని పొద్దున్నే చెప్పేశాను."

పిచ్చిక మొహంలో నెత్తురు లేదు. ఆవిణ్ణి అది సీసాల పిన్ని అని పిలుస్తుంది. ల్యాబ్‌లో చేరిన కొత్తల్లో, భయంతో చేతులు వణికి గాజు సామాను పగలగొట్టినప్పుడల్లా ముక్కలెత్తి, "నేనే పగలగొట్టానని చెప్తాలే" అన్న మనిషి. మా ఇంటికొస్తే నా పక్కన కూర్చుని కాళ్ళు చాపుకుని తన కోడలి ముచ్చట్లు చెప్తుంది తప్ప, ఫ్రీజర్ ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు.

"పిన్నికేమీ తెలియదు సార్! ఒట్టు. నేనే, నా బుర్రలోంచే..."

"రుజువేది?"

మీరే చెప్పండి, దానికి రుజువు ఎక్కడ దొరుకుతుంది? జరిగినదానికైతే సాక్ష్యం చూపించొచ్చు. జరగనిదాన్ని నా అంతట నేనే ఊహించుకున్నానని ఏం చూపించి నమ్మిస్తారు? ఇన్నేళ్ళూ ప్రతి మాటకీ రుజువు చూపించడమే బతుకుగా బతికిన పిల్ల, తీరా అవసరం వచ్చేసరికి ఉత్త చేతులతో నిలబడింది.

నేను ఊరుకోలేకపోయాను. "బాబూ, ఆ కథ పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మా వంటింట్లో పుట్టింది. మేమందరం మా చెల్లెలింటికి వెళ్ళొచ్చాం. ఫ్రిజ్ గుర్రుగుర్రుమని నడుస్తూనే ఉంది. పాలు మాత్రం వాసనొస్తున్నాయి. 'ఇది మధ్యలో చచ్చి బతికిందే, పైకి చూస్తే ఏమీ ఎరగనట్టు ఎలా నిలబడిందో చూడు' అన్నాను. అంతే, మా పిచ్చిక చేతిలో టీ అలాగే పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. 'నానమ్మా, మళ్ళీ అను' అంది. మళ్ళీ అన్నాను. కప్పు అక్కడే వదిలేసి గదిలోకి పరిగెత్తింది. ఆ టీ చల్లారిపోతే నేనే తాగాను. చెప్పింది మా ఫ్రిజ్ నాయనా, మీ సీసాలు కడిగే ఆవిడ కాదు."

"ఫ్రిజ్ సంగతి సరే. మరి ఆ అధికారి? ఒక్కడే రావడం? మీట నొక్కడం? అటూ ఇటూ చూసి, జేబులోంచి రుమాలు తీసి చెయ్యి తుడుచుకోవడం?"

"రుమాలు కూడానా..." అన్నాడు మా అబ్బాయి, తనలో తను.

పెద్దసారు చెయ్యి కోటు జేబు మీద ఉంది. రుమాలు కొస బయటికి కనిపిస్తోంది. మా అబ్బాయి దాన్నే చూస్తున్నాడు. నేనూ అదే చూస్తున్నాను. ఆయన కూడా తల వంచి చూసుకున్నాడు.

నేను మెల్లగా అడిగాను. "అంటే, అది నిజంగా జరిగిందా బాబూ?"

ఆయన రుమాలు కొసని జేబులోకి తోశాడు.

"ఇంతవరకూ మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మీరే చెప్పారు" అన్నాను.

దెప్పాలని అనలేదండీ. నోట్లోంచి వచ్చేసింది. ఆయన అప్పుడు కూర్చున్నాడు, కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండానే. మా అబ్బాయి చటుక్కున కుర్చీ జరపకపోతే నేల మీదే పడేవాడు. ఎవరు చెప్పారో పట్టుకుందామని వచ్చిన మనిషి, చెప్పిన మనిషి తనే అయిపోయాడు.

"నువ్వు వెళ్ళిపోయిన తర్వాత వచ్చిన సెలవుల్లో" అన్నాడు. "చల్లదనం తిరిగి వచ్చేసింది. పెట్టెలు ముట్టుకుని చూశాను. రాళ్ళలా గట్టిగా ఉన్నాయి. కరిగి ఉండవులే అనుకున్నాను. ఎన్నేళ్ళ పని! ఎంతమంది ఇచ్చిన రక్తం! ఒక్క లైటు చూసి అంతా పారబోయమంటావా? కరిగిందని రుజువు లేదు. ఇప్పటికీ లేదు." తల ఎత్తాడు. "నన్ను అంత నీచుడిగా ఎలా ఊహించావమ్మా? నీకు నేనేం చేశాను?"

పిచ్చిక ఆయన ముందు నేల మీద కూర్చుంది. చిన్నప్పుడు తప్పు చేసినప్పుడు నా ముందు అలాగే కూర్చునేది.

"ఆ అధికారి మీరు కాదు సార్. నేను."

"ఏమిటే?" అన్నాడు మా అబ్బాయి.

"నేనే నాన్నా. సెలవుల్లో ఒక్కదాన్నే ల్యాబ్‌కి వెళ్ళినప్పుడల్లా, తలుపు తీసే ముందు ఒకటే భయం. ఎర్రలైటు వెలుగుతుంటే ఏం చేస్తాను? అందరికీ చెప్తానా? ఇన్నేళ్ళ పనీ పోయిందని ఒప్పుకుంటానా? అలా అనుకున్న ప్రతిసారీ నా చెయ్యి మీట మీదకే వెళ్ళేది. ఊహలోనే. అయినా వెళ్ళేది. అలాంటి చెయ్యి పెట్టుకుని ఆ పని చేయకూడదనిపించింది. అందుకే వచ్చేశాను. ఆ చేతికి రుమాలు కూడా నేనే ఇచ్చాను, చెమటపడుతుంది కాబట్టి."

ఉద్యోగం ఎందుకు మానేశావని మేం అడగని రోజు లేదు. "రాయాలనుంది" అనేది. అది అబద్ధం కాదు. కానీ దాని అడుగున ఇంత ఉందని నాకే తెలియదు. మా అబ్బాయి గోడకి చేరబడ్డాడు. వాడి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. లోకానికంతటికీ కళ్ళజోళ్ళు సరిచేసేవాడు, తనది సరిచేసుకోలేదు.

పెద్దసారు కాగితాలు టీపాయ్ మీద పెట్టాడు. ఇప్పుడు గొంతు మారింది. బతిమాలే గొంతు. "ఈ అధ్యాయం తీసెయ్. ఇంకేదైనా రాసుకో, అడ్డు చెప్పను. ల్యాబ్‌లో అందరూ నీ పుస్తకం కోసం ఎదురుచూస్తున్నారు. చదివితే ఆ సెలవులు గుర్తుకొస్తాయి. అడగడం మొదలుపెడతారు."

"ఇది తీసేస్తే నవలే లేదు సార్."

"ఉంచితే నేను లేను."

ఎటు చూసినా గొయ్యే. తీసేస్తే పిచ్చిక ఏడాది బతుకు గంగపాలు. ఎడిటర్ మళ్ళీ దొరకడు. ఉంచితే కథ అని ఎవరు నమ్ముతారు? నిన్నటిదాకా అది ఊహ. ఇప్పుడు నిజం తెలిసి కూడా "ఇది కేవలం కల్పన" అని ముందు పేజీలో ఎలా వేయించుకుంటుంది?

"సరే, రుజువు లేదన్నారు కదా సార్" అంది పిచ్చిక నెమ్మదిగా. "ఆ అధ్యాయం చివర్లో నీలిరంగు ట్యూబు ఉంది. చదివారా?"

"చదివాను. అదొక్కటి బాగా కల్పించావు."

పిచ్చిక తల అడ్డంగా ఊపింది.

"ఆ అధ్యాయం మొత్తంలో నిజం అదొక్కటే సార్."

ఆ ట్యూబు గురించి నేను చెప్తాను, నాకు అర్థమైనంత. చిటికెన వేలంత ప్లాస్టిక్ ట్యూబు. అందులో సగం దాకా నీలిరంగు నీళ్ళు పోసి, నిలబెట్టి గడ్డకట్టిస్తారు. తర్వాత దాన్ని తలకిందులుగా ఫ్రీజర్‌లో పెడతారు. చలి ఉన్నంతకాలం ఆ నీలం ముక్క పైనే అంటుకుని ఉంటుంది. ఒక్కసారి కరిగిందా, జారి కిందున్న మూతలోకి వచ్చి అక్కడే గడ్డకడుతుంది. చలి తిరిగొచ్చినా రంగు మాత్రం తిరిగి పైకి ఎక్కదు. అలారం ఆపొచ్చు, లైటు ఆర్పొచ్చు. బయటికి తీసి కరగనిస్తే తప్ప, దాన్ని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

"చేరిన కొత్తల్లో పెట్టాను, కింది అరలో బాగా వెనక్కి. మీరు నవ్వుతారని చెప్పలేదు. ఆఖరి రోజు కూడా చూసి వచ్చాను, నీలం పైనే ఉంది. ఇప్పుడు ఎక్కడుందో చూస్తే చాలు. కరగలేదంటే మీరు హాయిగా నిద్రపోవచ్చు. కరిగిందంటే..."

"ఇవాళ ఆ ఫ్రీజర్ ఖాళీ చేయమన్నాను" అన్నాడు పెద్దసారు. మనిషి బిగుసుకుపోయాడు. "నీ కాగితాలు చదివాక దాన్ని చూడబుద్ధి కాలేదు. శాంపిల్స్ పొద్దున్నే కొత్తదాంట్లోకి మార్చాం. మిగతాది తీసేసి కడగమన్నాను. ఆవిడకి అప్పగించిన ఆఖరి పని అదే."

"ట్యూబు మీద పేరు రాయలేదు సార్" అంది పిచ్చిక.

పేరు రాయని ట్యూబు కనిపిస్తే పారేయాలి. అది ల్యాబ్ రూలు. ఆ రూలు పెట్టింది కూడా ఈయనే.

పిచ్చిక పిన్నికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. తీయలేదు. "లావు గ్లౌజులు వేసుకుని ఉంటుంది. నా ఫోన్ తీయదు. మీరు చేయండి సార్. మీదైతే గ్లౌజులు విప్పయినా తీస్తుంది."

ఆయన ఫోన్ తీశాడు. వేలు తెర మీద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో! మోగింది. తీసింది. సీసాల పిన్నిది పెద్ద గొంతు. గది మధ్యలో నిలబడి మాట్లాడినట్టు మాకందరికీ వినపడింది.

"చెప్పండి సార్! అయిపోవచ్చింది సార్. అంతా తీసేశాను. వెనకాల మూలలో ఒక ట్యూబు దొరికింది, పేరూ ఊరూ లేదు. చేతిలోనే ఉంది. పారేయనా సార్?"

సరిగ్గా అప్పుడే పిచ్చిక ఫోన్ మోగింది. ఎడిటర్.

పిచ్చిక ఒక్క కేక వేస్తే చాలు, అవతల పిన్నికి వినపడుతుంది. వేస్తుందని చూశాను. వేయలేదు. దాని కళ్ళు చూశాక నాకు సంగతి అర్థమైంది. ఆ ట్యూబు చెత్తబుట్టలో పడితే, కరిగిందో లేదో ఇక ఎవరికీ తెలియదు. కథ కథగానే ఉండిపోతుంది. ఎడిటర్‌కి "సరే" అనేయొచ్చు. పుస్తకం బయటికొస్తుంది. ఎర్రలైటు ఆయన ఒక్కడి ముందే వెలగడం లేదు. మా పిల్ల ముందు కూడా వెలుగుతోంది. దాని చెయ్యి ఎక్కడికి వెళ్తుందో దానికి ముందే తెలుసు. అదే దాని భయం.

మోగుతున్న ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పెద్దసారు వైపు ఒక అడుగు వేసింది. ఆయన పెదవులు కదిలాయి. మా అబ్బాయి ఒకసారి కూతుర్నీ, ఒకసారి ఆయన్నీ చూస్తున్నాడు, ఎవరు ముందు నోరు విప్పుతారో అన్నట్టు.

"సార్, ఉన్నారా?" అంది పిన్ని అవతలి నుంచి. "తొందరగా చెప్పండి సార్. చేతిలో కరిగిపోతోంది."